పాత్రకు పేరు: అర్థం ఉన్నదా, ఊరు ఉన్నదా, ఏదీ చెప్పనిదా?

కథలు రాయడం మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది పేర్ల గురించే. స్వభావానికి తగ్గ అర్థం ఉన్న పేరు పెట్టాలా, ఆ ఊళ్లో ఆ కాలంలో నిజంగా వినిపించే పేరు పెట్టాలా, కులమూ ప్రాంతమూ తెలియనివ్వని రవి, సుధ లాంటి పేరుతో సరిపెట్టాలా? మూడు పద్ధతుల్లోనూ మంచి కథలు వచ్చాయి. నా మొగ్గు రెండోదాని వైపు. అయితే 'సహజంగా ఉంటుంది' అని అందరూ చెప్పే కారణం నాకు పెద్దగా పట్టదు. నా కారణం వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు అర్థం ఉన్న పేర్లు. 1897లో అచ్చయి, 1909లో బాగా పెరిగి మళ్లీ వచ్చిన 'కన్యాశుల్కం' చూడండి. లుబ్ధావధాన్లు అనగానే పిసినారి అని, అగ్నిహోత్రావధాన్లు అనగానే మనిషి మండిపడే రకమని, సౌజన్యారావు అనగానే పెద్దమనిషి అని తెలిసిపోతుంది. కన్నకొడుక్కి లుబ్ధుడని పేరు పెట్టే తల్లిదండ్రులు ఎక్కడా ఉండరు. అయినా నవ్వించే రచనలో ఈ పద్ధతికి తిరుగు లేదు, పాత్ర నోరు తెరవకముందే సగం పని అయిపోతుంది. చిక్కల్లా ఆ తర్వాతే. సౌజన్యారావు చివరిదాకా సౌజన్యం దాటి అడుగు వేయడు. గిరీశం అన్న పేరులో మాత్రం గిరీశం గుణం ఒక్కటీ లేదు. అందుకే నాటకం బయట ఆ పేరే ఒక రకం మనిషికి గుర్తుగా నిలబడిపోయింది. అదే నాటకంలో బుచ్చమ్మ, సుబ్బి, వెంకటేశం, అసిరి కూడా ఉన్నారు. గురజాడ రెండు పద్ధతులూ కలిపి వాడారు. మనకు మనుషులుగా మిగిలినవాళ్లు ఏ వైపు ఉన్నారో ఒకసారి లెక్క చూసుకోండి.

గంభీరమైన కథలో త్యాగరాజు త్యాగం చేస్తే, శాంతి ఓర్పుగా భరిస్తే పాఠకుడికి రచయిత చెయ్యి కనిపిస్తుంది. పేరుకు ఎదురు నడిపిస్తే, అంటే ధర్మరాజు దొంగ లెక్కలు రాస్తే, ఇంకా త్వరగా కనిపిస్తుంది.

ఇక ఊరి పేర్లు. మన పేర్లలో దేవుళ్లు ఉంటారని అందరికీ తెలుసు. ఆ దేవుళ్లకు చిరునామాలు ఉంటాయన్నది రాసేటప్పుడు మరిచిపోతాం. అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ అంటే సింహాద్రి అప్పన్న నీడ, పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. అన్నవరం చుట్టుపక్కల సత్యనారాయణలు, సత్యవతులు. కోటప్పకొండ వైపు కోటయ్యలు, కోటేశ్వరరావులు. పెంచలయ్య అనగానే నెల్లూరు, ఓబులేసు అనగానే అహోబిలం దిక్కు. యాదగిరి, యాదమ్మ, కొమురయ్య, సమ్మక్క అంటే తెలంగాణలో ఏ జాతరకు వెళ్లే కుటుంబమో కూడా చెప్పవచ్చు. దర్గా మొక్కుతో పుట్టిన హిందూ పిల్లలకు మస్తానమ్మ, దస్తగిరి అని పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే ఈ బిడ్డనైనా చావు కన్నుపడకుండా కాపాడుకోవాలని, విలువలేని వస్తువులా కనిపించేలా పుల్లయ్య అనీ పెంటయ్య అనీ పెట్టుకున్నారు. అలాంటి పేరున్న ముసలాయన కథలోకి వస్తే, అతనికి ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో రచయిత ఒక్క వాక్యం రాయనక్కరలేదు.

ఇక్కడ జాగ్రత్త ఒకటి. పేరు కథ జరిగే ఏడాదిది కాదు, పాత్ర పుట్టిన ఏడాదిది కావాలి. 1975లో జరిగే కథలో నలభై ఏళ్ల గుమాస్తా 1935లో పుట్టాడు, అతని పేరు అతని అమ్మానాన్నలు పెట్టారు. ఈ చిన్న తీసివేత చేయకపోవడం వల్లనే ఆనాటి పల్లెల్లోకి శ్రావ్యలూ హర్షిత్‌లూ వచ్చి పడుతున్నారు. అనుమానం ఉంటే ఆ ప్రాంతపు ఓటర్ల జాబితా తెరవండి. పేరు, వయసు, తండ్రి పేరో భర్త పేరో, అన్నీ తెలుగులో ఉంటాయి. డెబ్బై దాటినవాళ్ల వరస ఒకసారి, ముప్పై లోపువాళ్ల వరస ఒకసారి చదివితే చాలు. ఇంటిపేరుతో సహా ఎత్తి రాయకండి, అంతే.

ఇప్పుడు నా కారణం. తెలుగు కథలో పేరు ఉన్నది పిలవడానికి. నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో పుట్టిన కూలివాళ్ల పిల్లవాణ్ని అనుకోండి. బడి రిజిస్టరులో కోటేశ్వరరావు. అమ్మకు కోటయ్య. తోటి పిల్లలకు కోటి. పాలేరుగా పెట్టుకున్న ఆసామికి కోటిగాడు. చదువుకుని గుంటూరులో ఉద్యోగంలో చేరాక కోటేశ్వరరావుగారు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు 'గాడు' అనలేక, 'గారు' అనడానికి మనసొప్పక, ఆసామి 'ఏమయ్యా, ఎప్పుడొచ్చావు?' అంటాడు. పేరు ఎగ్గొట్టిన ఆ 'ఏమయ్యా'లో రెండు తరాల ఊరి చరిత్ర ఉంది. దాన్ని రాయాలంటే ముందు వంగే పేరు కావాలి. అర్థం కోసం పెట్టిన పేర్లు చాలావరకు ఇలా వంగవు. సౌజన్యారావును సౌజన్యారావు అనే పిలవాలి.

కారా మాస్టారుగా అందరూ పిలిచే కాళీపట్నం రామారావు కథ, 1964లో వచ్చిన 'యజ్ఞం'లో శ్రీరాములునాయుడు, అప్పల్రాముడు, అతని కొడుకు సీతారాముడు ఉన్నారు. ముగ్గురిలోనూ ఉన్నది ఒకే దేవుడు. ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు అప్పు తీర్చాలో పేరు చివర చూస్తే తెలిసిపోతుంది. కారా మాస్టారు దాన్ని వివరించరు.

పిలవకపోవడం కూడా పిలుపులో భాగమే. భర్త పేరు నోట పలకని భార్యలు నిన్నమొన్నటి దాకా ఉన్నారు. గడప దగ్గర కొత్త జంట చేత పేర్లు చెప్పించే వేడుకలో సరదా అంతా అక్కడినుంచి వచ్చిందే. కొడుక్కి తాత పేరు పెట్టిన ఇంట్లో కోడలు మామగారి పేరు పలకలేక కన్నబిడ్డనే 'అబ్బాయ్' అంటుంది. ఆమెకు కోపం వచ్చి బిడ్డను అసలు పేరు పెట్టి తిట్టే రోజు ఒకటి కథలో వస్తే, ఆమె ఎవరిని తిట్టిందో వేరే చెప్పాలా?

రవి, సుధ, మాధవి, వాసు. వీటి మీద నాకు చిన్నచూపు లేదు. కథ అపార్ట్‌మెంటులోనో ఆఫీసులోనో అమెరికాలోనో జరుగుతున్నప్పుడు, పేరు చూడగానే పాఠకుడు కులం లెక్కలు వేయకూడదని రచయిత కోరుకున్నప్పుడు ఇవే మేలు. పైగా ఇవి పెట్టుకున్న తరంలో నిజంగానే అన్ని ఇళ్లలో ఉన్న పేర్లు. కానీ తెలియనివ్వకపోతే పాఠకుడు ఊరుకోడు, ఖాళీని తనకు అలవాటైన ఇంటితో నింపుకుంటాడు. పత్రికల్లో ఎక్కువగా ఎవరి ఇళ్లు కనిపిస్తూ వచ్చాయో ఆ ఇల్లే అవుతుంది. ఈ ఒక్క ఇబ్బంది సరే అనుకుంటే నిశ్చింతగా వాడుకోవచ్చు.

పేరే లేకుండా 'అతను', 'ఆమె' అని నడిపేది చిన్న కథకు చెల్లుతుంది, నవలకు కష్టం. ఇంటిపేరుతో పిలిచే పాత్ర ఒకటి ఉంటే బాగుంటుంది, రెండైతే హాజరుపట్టీలా ఉంటుంది.

ఊరి పేర్లతో వచ్చే అసలు తంటా వేరు. ఒకే పల్లెలో నలుగురు యాదగిరులు ఉండటం నిజం, పేజీలో ఇద్దరున్నా పాఠకుడు తికమకపడతాడు. ఊరివాళ్లు దీన్ని ఎప్పుడో తేల్చుకున్నారు: పొట్టి యాదగిరి, మిల్లు యాదగిరి. అదే పద్ధతి తీసుకోండి. ఒకే అక్షరంతో మొదలయ్యే రమ, రమణ, రామారావులను మాత్రం ఒక ఇంట్లో పెట్టకండి.

2010 తర్వాత పుట్టిన పిల్లల గురించి రాసేవాళ్లు నా మాట ఇక పనికిరాదంటారు. విహాన్, ఆద్య ఏ ఊరివాళ్లో చెప్పలేం, నిజమే. అయితే ఆ ఇళ్లలోనూ నాయనమ్మ విహాన్‌ని విహాన్ అని పిలవడం లేదు. పండు అంటుంది, చిన్నోడా అంటుంది, ఒక్కోసారి చనిపోయిన తాత పేరు పెట్టి పిలుస్తుంది. ఇలాంటి పాత్రకు బడి పేరుకంటే ముందు ఈ పేరు వెతుక్కోండి.