షిఫ్ట్ లెన్స్‌తో ఇటలీ: ఎక్కడ నిలబడాలి, ఎక్కడ బస చేయాలి

ఇటలీలో పాత భవనాలను ఫొటో తీయాలని బయలుదేరేవారు సాధారణంగా ఊళ్లను వాటి ప్రసిద్ధిని బట్టి ఎంచుకుంటారు. వైడ్ యాంగిల్ టిల్ట్-షిఫ్ట్ లెన్స్ (కెమెరాను కదపకుండానే వాల్చడానికి, పైకీ పక్కకూ జరపడానికి వీలున్న లెన్స్) వెంట ఉన్నప్పుడు ఆ ఎంపిక అంతగా పనికిరాదు. భవనం ఎంత గొప్పదైనా దాని ఎదుట వెనక్కి జరగడానికి చోటు లేకపోతే, కెమెరాను మట్టంగా నిలిపి కాసేపు కదలకుండా ఉండే వీలు లేకపోతే, ఆ లెన్స్ బరువు మోసిన ఫలితం దక్కదు. ఫ్లోరెన్స్, పీసా, శాన్ జిమిగ్నానో, సియెనా, రోమ్‌లలో నేను చూసిన చోట్లనూ, దిగిన బసలనూ ఈ దృష్టితోనే ఇక్కడ బేరీజు వేస్తున్నాను.

కెమెరాను పైకెత్తి గోపురాన్ని తీస్తే, సెన్సర్ ఇక గోడకు సమాంతరంగా ఉండదు కనుక, నిలువు గీతలు పైకి పోయేకొద్దీ ఒకదాని వైపు ఒకటి వాలుతాయి. షిఫ్ట్ లెన్స్‌లో కెమెరాను మట్టంగానే ఉంచి, లెన్స్‌ను మాత్రం పైకి జరుపుతాము. నా దగ్గర ఉన్నది 2009లో వచ్చిన కెనాన్ 24 మి.మీ. ఎఫ్/3.5 రెండవ తరం లెన్స్. అది 12 మి.మీ. వరకు జరుగుతుంది, 8.5 డిగ్రీల వరకు వాలుతుంది, 780 గ్రాముల బరువు ఉంటుంది, ఫోకస్ పూర్తిగా చేతితోనే చేసుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ (36 × 24 మి.మీ.) సెన్సర్‌పై దీనితో ఒక తేలికైన లెక్క పని చేస్తుంది: కెమెరాను అడ్డంగా పట్టుకుని లెన్స్‌ను పూర్తిగా పైకి జరిపితే, మనం ఎంత దూరంలో ఉన్నామో దాదాపు అంత ఎత్తు వరకు ఫ్రేమ్‌లోకి వస్తుంది. కెమెరాను నిలువుగా తిప్పితే దూరానికి ఒకటింపావు రెట్ల ఎత్తు వస్తుంది. ఏ ఊరి పటం తెరిచినా ముందుగా ఈ లెక్క వేసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఫ్లోరెన్స్‌లో ఆ లెక్క వెంటనే ఇబ్బంది పెడుతుంది. కెథెడ్రల్ (ప్రధాన చర్చి) పక్కనున్న జొట్టో గంట గోపురం ఎత్తు సుమారు 85 మీటర్లు. అంటే కెమెరాను నిలువుగా పెట్టినా 67 మీటర్ల దూరం కావాలి. కాని కెథెడ్రల్ ముందున్న ఆవరణలో బాప్టిస్ట్రీ (జ్ఞానస్నాన మందిరం) అడ్డంగా నిలిచి ఉంటుంది, మిగిలిన చోటును సందర్శకుల బారులు ఆక్రమిస్తాయి. గోపురం ఒక్కటే అయితే పక్క వీధుల మూలల నుంచి ఏదో విధంగా సాధించవచ్చు. ముఖద్వారం, గోపురం, వెనుక ఉన్న గుమ్మటం మూడూ కలిసి రావాలంటే మాత్రం నేల మీద నుంచి సాధ్యపడదు. వియా దెయి సెర్వి వీధిలోకి వెళ్లి, రెండు వైపుల ఇళ్ల గోడల మధ్య గుమ్మటాన్ని ఇరికించి తీయడం నాకు ఎక్కువ ఫలితాన్నిచ్చింది. ఆ వీధి తిన్నగా ఉంటుంది, ఎంత వెనక్కి కావాలంటే అంత జరగవచ్చు, పక్క గోడలు నిటారుగా నిలవడం వల్లనే గుమ్మటం ఎంత పెద్దదో కంటికి తెలుస్తుంది.

ఈ ఊరికి ఇటువంటి లెన్స్‌తో రావడంలో ఒక చారిత్రక ఔచిత్యం కూడా ఉంది. 15వ శతాబ్దం తొలినాళ్లలో వాస్తుశిల్పి బ్రునెలెస్కి కెథెడ్రల్ ద్వారం లోపల నిలబడి, ఎదుట ఉన్న బాప్టిస్ట్రీని పలకపై చిత్రించి, రేఖా దృక్పథాన్ని (దూరాన్ని, లోతును కంటికి కనిపించినట్టే గీతలతో చూపే పద్ధతిని) నిరూపించి చూపాడు. నిటారుగా నిలిపిన చిత్రఫలకంపై నిలువు గీతలు నిలువుగానే పడతాయి. షిఫ్ట్ లెన్స్ చేసేది అంతకు మించి ఏమీ కాదు. అలినారి సోదరుల ఫొటో సంస్థ 1852లో మొదలైనదీ ఇక్కడే. లెన్స్ బిగించిన పలకను పైకి జరిపే వీలు ఆ కాలపు పెద్ద కెమెరాలకు క్రమంగా సహజ లక్షణమైంది. 35 మి.మీ. కెమెరాలకు ఆ సౌకర్యం 1962లో నికాన్ షిఫ్ట్ లెన్స్‌తోనూ, టిల్ట్ కూడా కలిసి 1973లో కెనాన్ లెన్స్‌తోనూ తిరిగి వచ్చింది.

గంట గోపురంపైకి 414 మెట్లు ఎక్కి వెళితే గుమ్మటం ఎదురుగా కనిపిస్తుంది. పైన చుట్టూ తీగల వల ఉంటుంది. 24 మి.మీ. లెన్స్ ముందు భాగాన్ని వలకు బాగా దగ్గరగా ఆనిస్తే తీగలు మసకబారి కరిగిపోతాయి. కాని లెన్స్‌ను జరిపిన తరువాత ఏదో ఒక తీగ మూలలో నీడగా తేలుతుంది కనుక, చిత్రాన్ని అక్కడికక్కడే పెద్దది చేసి చూసుకోవాలి. బస విషయానికి వస్తే, పాత నగరంలో లిఫ్ట్ లేని ఒక ఇంటి మూడవ అంతస్తులో గది తీసుకున్నాను. మెట్లు ఎక్కడం శ్రమే అయినా, కిటికీ ఎదుటి భవనానికి సగం ఎత్తులో ఉండడం వల్ల షిఫ్ట్ అవసరం దాదాపు లేకుండానే ఆ భవనం పైనుంచి కింది వరకు తిన్నగా వచ్చింది. గది ఎంచుకునేటప్పుడు మంచం ఎంత మెత్తనిదో తరువాత చూసుకోవచ్చు. కిటికీ ఏ అంతస్తులో ఉంది, తలుపులు పూర్తిగా తెరుచుకుంటాయా అన్నది ముందే రాసి అడగడం మేలు. కారులో వచ్చేవారు పాత నగరంలో అనుమతి లేని వాహనాలపై నిషేధం ఉందనీ, కెమెరాలు నంబరు పట్టి జరిమానా పంపుతాయనీ మరువకూడదు.

పీసాను చాలామంది ఒక పూటలో ముగిస్తారు. నా అంచనాలో ఈ లెన్స్‌కు అంతకంటే తగిన చోటు ఈ యాత్రలో ఇంకొకటి మాత్రమే ఉంది. వాలిన గోపురం ఎత్తు సుమారు 56 మీటర్లు, వాలు సుమారు 4 డిగ్రీలు, దక్షిణం వైపు. పడమర నుంచి చూస్తే ఎడమ పక్కన కెథెడ్రల్, కుడి పక్కన గోపురం, వాలు మొత్తం కుడి వైపుకు కనిపిస్తుంది. ఇప్పుడు మామూలు 24 మి.మీ. లెన్స్‌ను 15 డిగ్రీలు పైకెత్తి, గోపురాన్ని ఫ్రేమ్ కుడి భాగంలో, మధ్యకూ అంచుకూ నడుమ పెట్టారనుకోండి. అక్కడ నిలువు గీతలు 5 డిగ్రీలకు పైగా లోపలికి, అంటే ఎడమకు వంగుతాయి. అసలు వాలు 4 డిగ్రీలే కనుక, ప్రపంచమంతా చూడడానికి వచ్చే ఆ గోపురం ఫొటోలో నిటారుగానో, ఎదురు దిక్కుకు కొద్దిగా ఒరిగినట్టుగానో తేలుతుంది. కెథెడ్రల్ గోడలు కూడా వాలిపోవడంతో, దేనిని ప్రమాణంగా తీసుకోవాలో చూసేవారికి తెలియదు. కెమెరాను మట్టంగా ఉంచి షిఫ్ట్‌తో తీసినప్పుడు కెథెడ్రల్ నిటారుగా నిలుస్తుంది, గోపురం తన అసలు వాలు ఎంతో అంతే చూపిస్తుంది. గోపురంతో పోజులిచ్చే జనాన్ని తప్పించుకోవాలంటే తెల్లవారుజామునే రావాలి, అందుకు రాత్రి అక్కడే ఉండాలి. రైలులో వచ్చేవారికి పీసా సెంట్రాలె కంటే శాన్ రొస్సోరె స్టేషన్ గోపురానికి దగ్గర. గోపురం ఎక్కేటప్పుడు సంచులు కింద అప్పగించాలి కనుక, లెన్స్‌ను కెమెరాకే బిగించి ఉంచుకోవడం మంచిది.

శాన్ జిమిగ్నానో గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పాత గోపురాలలో 14 మిగిలి ఉన్నాయి, కాని వీధులు మరీ ఇరుకు. ఊరిలో రైలు స్టేషన్ లేదు, పొజ్జిబొన్సి నుంచి బస్సు ఎక్కాలి. పగటి బస్సులో వచ్చి పగటి బస్సులో వెళ్లిపోయేవారికి ఈ లెన్స్ బరువు మాత్రమే మిగులుతుంది.

నేను చెప్పిన ఆ ఇంకొక చోటు సియెనా. అక్కడి ప్రధాన ఆవరణ పియాజ్జా దెల్ కాంపో గవ్వలా పరుచుకుని, పురపాలక భవనమైన పలాజ్జో పుబ్లికో వైపు పల్లానికి దిగుతుంది. పై అంచున నిలబడితే భవనం పాదం కంటే మన కెమెరా ఎత్తులో ఉంటుంది, వెనక్కి జరగడానికి కావలసినంత చోటూ ఉంటుంది. ఆ భవనపు తోర్రె దెల్ మాంజా గోపురం పైకొన వరకు ఏ హడావుడీ లేకుండా ఫ్రేమ్‌లో ఇమిడింది. పూర్తిగా సరిచేసిన నిలువు గీతలు కంటికి ఒక్కోసారి పైభాగం బరువెక్కినట్టు తోస్తాయి. అందుకని కెమెరాను వెంట్రుకవాసి పైకెత్తి, రవ్వంత వాలు మిగల్చడం నాకు నచ్చిన పద్ధతి. లెన్స్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా జరిపి తీసిన చిత్రాలను కలిపితే 100 డిగ్రీలకు పైగా వెడల్పు వచ్చింది. ఎదుట దగ్గరి వస్తువులేవీ లేవు కనుక అతుకు కనిపించలేదు.

టిల్ట్‌కు నిజమైన పని దొరికింది కూడా ఈ ఆవరణలోనే. తొమ్మిది భాగాలుగా తెల్లని రాతి గీతలు విడదీసిన ఇటుక నేల, ముందు నుంచి చివరి వరకు స్పష్టంగా ఉండాలనుకున్నాను. ఆస్ట్రియా సైన్యాధికారి థియోడర్ షైమ్‌ఫ్లుగ్ పేరుతో ప్రసిద్ధమైన నియమం ప్రకారం లెన్స్‌ను వాల్చితే ఫోకస్ తలం, అంటే స్పష్టంగా కనిపించే తలం, నేల వెంట పడుకుంటుంది. ఎంత వాల్చాలన్నది కెమెరా ఎత్తును బట్టి ఉంటుంది: 24 మి.మీ. లెన్స్‌కు కెమెరా మీటరున్నర ఎత్తులో ఉంటే ఒక డిగ్రీ కూడా అవసరం లేదు, నేలకు 30 సెం.మీ. ఎత్తుకు దించితే సుమారు నాలుగున్నర డిగ్రీలు కావాలి. ఎక్కువ వాల్చితే ఎక్కువ స్పష్టత వస్తుందనుకోవడం పొరపాటు. నేల స్పష్టమైనా గోపురం ఆ తలం నుంచి పైకి లేచిపోతుంది కనుక, దాని తల మసకబారుతుంది. అపర్చర్‌ను (కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/11కు తగ్గించి, కెమెరా తెరపై కనిపించే లైవ్ వ్యూను పెద్దది చేసి, దగ్గరి ఇటుకనూ గోపురం కొననూ మార్చి మార్చి చూసుకుంటూ సర్దాలి. గోపురం పైకెక్కి లెన్స్‌ను ఎదురు దిశకు వాల్చి, ఆవరణలోని మనుషులను బొమ్మల్లా చూపే ప్రయోగమూ చేశాను. ఇంత వెడల్పైన లెన్స్‌తో ఆ మాయ అంతంత మాత్రమే.

సియెనా రైలు స్టేషన్ దిగువన ఉంటుంది. పాత పట్టణం వైపు ఎస్కలేటర్ల వరుస ఉంది కనుక ట్రైపాడ్‌తో ఎక్కడం కష్టం కాదు. ప్రాకారం లోపలి గదులు చిన్నవి, అయినా లోపలే ఉండాలి. పలాజ్జో పుబ్లికో ముఖంపై సాయంత్రపు ఎండ పడుతుంది, ఆ తరువాత దీపాలు వెలిగి ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండే కొద్ది సమయమే అసలు పని వేళ. ఆ వేళలో బయటి హోటలుకు చివరి బస్సు గురించి ఆలోచిస్తూ ట్రైపాడ్ సర్దడం కుదరదు.

రోమ్ కోసం 17 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ లెన్స్‌ను అద్దెకు తీసుకున్నాను. ముందుభాగం ఉబ్బెత్తు గాజు కావడంతో మామూలు ఫిల్టరు బిగించలేము. అద్దెకిచ్చినవారు శుభ్రంగానే ఇచ్చారు, కాని షిఫ్ట్‌ను బిగించే మర వదులుగా ఉండి, పైకి జరిపిన లెన్స్ తన బరువుకే మెల్లగా కిందికి జారేది. తీసుకునేటప్పుడే లెన్స్‌ను పూర్తిగా పైకి జరిపి, మర బిగించి, రెండు నిమిషాలు ఆగి చూడమని అద్దెకు తీసుకునేవారికి చెబుతాను.

ప్రాచీన రోమన్ ఆలయమైన పాంథియాన్ లోపలి వ్యాసం, నేల నుంచి గుమ్మటం నడినెత్తి వరకు ఎత్తు రెండూ సుమారు 43 మీటర్లు. లెక్క వేస్తే, గోడకు వీపు ఆనించి 17 మి.మీ. లెన్స్‌ను నిలువుగా పెట్టి పూర్తిగా జరిపినా, పైనున్న వెలుతురు రంధ్రంలో ఆవలి అంచు మాత్రమే ఫ్రేమ్‌లోకి వస్తుంది. 24 మి.మీ. లెన్స్‌కు అదీ అందదు. కనుక రంధ్రం మొత్తం కావాలంటే నిలువు గీతల మీద ఆశ వదులుకుని కెమెరాను తిన్నగా నెత్తి వైపు తిప్పడమే మార్గం, దానికి మామూలు వైడ్ యాంగిల్ లెన్స్ చాలు. 2023 జూలై నుంచి లోపలికి టికెట్ పెట్టారు. ట్రైపాడ్ తెరిచే ఆలోచన పెట్టుకోకుండా, ఫ్రేమ్‌లో గడుల గీతలు కనిపించేలా అమర్చుకుని చేతితోనే తీయాలి. ముఖద్వారం ఉత్తరానికి తిరిగి ఉండడంతో బయటి స్తంభాలపై చాలా వేళల్లో నీడే ఉంటుంది. అందువల్ల అక్కడికి వెళ్లే సమయాన్ని ఎండను బట్టి కాక, ఎదుటి ఆవరణలోని జనాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. వాటికన్ మ్యూజియంలకు ఈ లెన్స్‌ను తీసుకెళ్లవలసిన పని లేదు. ట్రైపాడ్‌లు లోపలికి రానివ్వరు, సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలే నిషిద్ధం. ఆ రోజు లెన్స్‌ను గదిలో భద్రపరిచి వెళ్లాను.