చర్చికి పాటల పుస్తకం: మూడు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాక మేం ఏది కొన్నాం, ఎందుకు కొన్నాం

మా చర్చిలో పాటల పుస్తకాలు ఎంత పాతబడిపోయాయంటే, ఆదివారం ఆరాధన అయ్యాక ఊడుస్తుంటే చీపురుకి కాగితం ముక్కలు తగిలేవి. చాలావాటికి అట్టల్లేవు, మొదటి ముప్పై పాటలు లేవు, చివర ఉండాల్సిన అకారాది పట్టిక అసలే లేదు. ఈ ఏడాది మా సంఘంలో ఒకామె తన భర్త జ్ఞాపకార్థం అరవై పుస్తకాలకి డబ్బు ఇస్తానన్నారు. ఆదివారం పాటలు ఎత్తేది నేనే కాబట్టి అయ్యగారు, అంటే మా పాస్టరు, ఆ పని నాకు అప్పజెప్పారు. వెళ్ళి కొనుక్కురావడమే కదా అనుకున్నాను గానీ రెండు నెలలు పట్టింది. మీ సంఘంలో కూడా ఎవరైనా ఇదే పని మీద ఉంటే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు ఒక పల్లెలో లూథరన్ సంఘం. ఆదివారం నూట ఇరవై మంది దాకా వస్తారు. సగం మంది యాభై దాటినవాళ్ళు, వాళ్ళకి పాత కీర్తనలు నోటికొచ్చు, పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుంటారు గానీ చూడరు. మిగతా సగంలో యూత్ ఉన్నారు, సండే స్కూలు పిల్లలున్నారు, కొత్తగా సంఘంలో చేరినవాళ్ళున్నారు. పుస్తకం నిజంగా కావాల్సింది ఈ చివరివాళ్ళకి. నలుగురితో కలిసి నోరు విప్పాలంటే వాళ్ళకి చేతిలో ఆ పాట ఉండాలి. ఈ మాట నాకు కూడా మొదట తట్టలేదు. యూత్ ఏమంటారు, పెద్దలు ఏమంటారు అని ఆలోచిస్తూ కూర్చున్నాను, వెనక వరసలో గోడకి ఆనుకుని పెదవులు కదపకుండా నిలబడేవాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు.

మొదట చూసింది దగ్గర టౌన్లో ఒక ప్రెస్ వాళ్ళు వేసిన పెద్ద సంకలనం. పేరు చెప్పను. పన్నెండు వందల పాటలు, మెరిసే అట్ట, పాతవీ కొత్తవీ అన్నీ ఉన్నాయన్నారు, ధర కూడా తక్కువే. శాంపిల్‌గా పది కాపీలు తెచ్చి నాలుగు ఆదివారాలు వాడి చూశాం. మొదటి ఆదివారమే ఒక పాటలో మూడో చరణం రెండుసార్లు అచ్చయింది, నాలుగోది లేదు. పాత పాట కాబట్టి పెద్దవాళ్ళు జ్ఞాపకం మీద నాలుగో చరణం అందుకున్నారు, పుస్తకం చూసి పాడుతున్నవాళ్ళు మూడోదే మళ్ళీ పాడారు, సగంలో ఇద్దరూ ఆగిపోయారు. ఒకే పాటలో ఒక చోట సిలువ, ఇంకో చోట శిలువ. రాసినవాళ్ళ పేరు ఏ పాటకీ లేదు. అన్నిటికన్నా నాకు బాధ అనిపించింది వరస. పాటలన్నీ అకారాదిగా పెట్టి, ఆ వరసలోనే నెంబర్లు ఇచ్చారు. రెండో ముద్రణలో ఇంకో అరవై పాటలు మధ్యమధ్యలో చేర్చారట, దాంతో నెంబర్లన్నీ జరిగిపోయాయి. మాకు ఇచ్చిన పదిలో ఆరు పాత ముద్రణవి, నాలుగు కొత్తవి. 143 అని నేను చెబితే బల్లకి ఒక పాట. అడిగితే ఆ ప్రెస్ ఆయన, ఏముందండీ పల్లవి చెప్పండి వాళ్ళే వెతుక్కుంటారు అన్నారు. చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్ళకి నెంబరు ఎంత ఆధారమో ఆయనకి తెలియదనుకుంటాను. అంకెలు చదవగలిగినవాళ్ళు పాట తెరుచుకుంటారు, తర్వాత పక్కవాళ్ళ గొంతు పట్టుకుని సాగిపోతారు.

రెండోది సీయోను గీతాలు, సువార్తికుడు భక్త్ సింగ్ గారి సహవాసాల్లో (ఆయన మొదలుపెట్టిన సంఘాల్లో) పాడేవి. మంచి పాటలు, వాక్యం నిండుగా ఉంటుంది, నేను ఇంట్లో పాడుకుంటాను కూడా. కానీ మా వాళ్ళకి వాటిలో సగం తెలియవు. మా ఆరాధన క్రమంలో అడ్వెంటు (క్రిస్మస్‌కి ముందు వారాలు), లెంటు (ఈస్టర్‌కి ముందు శ్రమకాలం), పునరుత్థాన పండుగ ఇలా కాలాన్నిబట్టి పాటలు కావాలి. ఆ సహవాసాల నుంచి వచ్చిన సంఘమైతే మాత్రం ఇంకేదీ చూడక్కర్లేదు.

ప్రొజెక్టర్ పెట్టేద్దాం, పుస్తకాలెందుకు అని యూత్‌లో ఇద్దరు అన్నారు. ఫోన్లో యాప్ ఉంది కదా అని ఇంకొకరు. పట్నంలో ఏసీ హాల్లో ఆరాధన జరిగే చోట అది సరిపోవచ్చు. మా దగ్గర పగలు కిటికీలన్నీ తీసి ఉంటాయి, ఆ వెలుగులో తెర మీద అక్షరాలు కనపడవు. పైగా పాటలు పాడేది చర్చిలో మాత్రమేనా? గృహ ప్రార్థనలు, స్త్రీల సమాజం, జబ్బు చేసినవాళ్ళ మంచం పక్కన, సమాధుల దొడ్లో. ఈ చివరి చోటే మా నిర్ణయం అయిపోయింది.

శాంపిల్ పుస్తకాలు వాడుతున్న రోజుల్లోనే మా పేటలో ఒక పెద్దామె చనిపోయారు. వాన పడుతోంది. సమాధి దగ్గరకి ఆ కొత్త సంకలనాలు పట్టుకెళ్ళాం, ఎందుకంటే పాతవి తడిస్తే ముక్కలైపోతాయి. అయ్యగారు పాట ఎత్తమన్నారు. నా నోట్లో ఒక్క పల్లవీ రావట్లేదు, ఆమె నాకు చిన్నప్పుడు సండే స్కూల్లో పాటలు నేర్పిన మనిషి. పుస్తకం తెరిస్తే అ నుంచి హ దాకా పన్నెండు వందల పాటలు, ఏ పాట దేనికో చెప్పే శీర్షిక ఒక్కటీ లేదు. పల్లవి గుర్తొస్తేనే పాట దొరికే పుస్తకం అది. పేజీలు తిప్పుతూ అలా నిలబడిపోయాను. ఒకబ్బాయి ఫోన్ తీశాడు, అక్కడ సిగ్నల్ లేదు. అప్పుడు వెనక నుంచి మా హార్మోనియం మేష్టారు తన పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కండువా కింద నుంచి తీసి, సరాసరి భూస్థాపన పాటలు ఉన్న చోట తెరిచి నా చేతిలో పెట్టారు. ఆ పేజీ అంచు వేళ్ళ నూనెకి నల్లబడి ఉంది. ఎన్నిసార్లు ఆ చోటు తెరిచారో అనిపించింది. పాడాం.

మేం చూసిన మూడో పుస్తకం అదే, కాబట్టి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు గురించి కాస్త ఎక్కువ చెబుతాను. లూథరన్లు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు, బాప్టిస్టులు తరతరాలుగా పాడుతున్న పుస్తకం ఇది. ఒంగోలులో బాప్టిస్టు చుట్టాల ఇంటికి పెళ్ళికి వెళ్ళినా, డోర్నకల్ వైపు సీఎస్ఐ గుడికి వెళ్ళినా అక్కడ మొదలయ్యే కీర్తన మనకి వస్తుంది. పాటలు విషయాన్నిబట్టి విభాగాలుగా ఉంటాయి, స్తుతి, క్రీస్తు జన్మం, శ్రమలు, పునరుత్థానం, సంస్కారాలు, పెళ్ళి, భూస్థాపన ఇలా. ఆరాధన సిద్ధం చేసేవాళ్ళకి ఇది ఎంత మేలో వాడితేనే తెలుస్తుంది. శనివారం రాత్రి అయ్యగారు వాక్యభాగం చెప్పగానే ఆ విభాగం తెరిచి పావుగంటలో నాలుగు పాటలు ఏరుకుంటాను. పుస్తకం చివర అకారాది పట్టిక వేరే ఉంటుంది. అంటే పల్లవి తెలిసినవాళ్ళకి ఒక దారి, సందర్భం మాత్రమే తెలిసినవాళ్ళకి ఇంకో దారి.

పాటల విలువ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తం చౌదరి గారి కీర్తనలు ఇందులో ఉన్నాయి. మన కర్ణాటక బాణీలో పల్లవి, చరణాలతో సాగుతాయి, క్రీస్తు కథని తెలుగువాళ్ళ చెవికి తెలుగు పాటగానే వినిపించాయి. బైబిల్లో 103వ కీర్తనని పట్టుకుని పులిపాక జగన్నాథం గారు రాసిన దేవ సంస్తుతి మా ఊళ్ళో చదువురాని అమ్మలకి కూడా మొత్తం వచ్చు. బైబిల్లో ఆ కీర్తన చదవడం రాకపోయినా పాటగా వాళ్ళ గుండెలో ఉంది.

పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఇది పాతకాలం సంగతి, ఇప్పుడెవరికి కావాలి అని నేనే అనుకునేవాణ్ణి. మా కీబోర్డు వాయించే కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు, యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడు. ఒకరోజు ప్రాక్టీసులో పాట పైన శంకరాభరణం అని ఉంటే మేష్టారిని అడిగాడు, "మేష్టారూ, ఇదేంటండీ?" ఆయన హార్మోనియం మీద స్వరాలు పలికించారు. వాడు వెంటనే కీబోర్డు మీద అందుకుని, "ఇది మేజర్ స్కేలే కదండీ!" అన్నాడు. అవును, అదే. మోహన అంటే ఐదే స్వరాలు అని చూపిస్తే ఆ రోజు ఇంటికి వెళ్ళలేదు, చీకటి పడేదాకా ఇద్దరూ పుస్తకం తిప్పుతూనే ఉన్నారు. కొత్త సంకలనంలో ఆ ఒక్క లైను లేకపోవడం వల్ల ఎంత పోగొట్టుకుంటున్నామో నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. భాష గ్రాంథికం. తప్పక అనాల్సిన చోట సంధి వల్ల దప్పక అని ఉంటే పిల్లలు అక్కడే ఆగిపోతారు, అరసున్నలూ బండి ఱలూ చూసి అచ్చుతప్పు అనుకుంటారు. చరణాన్ని పాదాలుగా విడగొట్టకుండా వచనంలా కలిపి వేసిన చోట కొత్తవాళ్ళకి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదు. దీనికి మేం చేసిందేంటంటే, వచ్చే ఆదివారం పాడబోయే కీర్తనల్లో ఒకటి సండే స్కూల్లో ముందే తీసుకుని పది నిమిషాలు మాటల అర్థం చెబుతున్నాం. పిల్లలు ఇంటికెళ్ళి నాయనమ్మని అడుగుతున్నారు, నాయనమ్మ పాడి చూపిస్తోంది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య వాళ్ళ సంఘంలో పిల్లలకి తెలుగు చదవడం రాక పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారట. ఇక్కడ ఉండి కూడా మన పిల్లల్ని ఆ స్థితికి తెచ్చుకోకూడదని నా పట్టుదల.

రెండో ఇబ్బంది, ఈ పాతికేళ్ళలో వచ్చిన పాటలు ఇందులో ఉండవు. యూత్ అడిగింది న్యాయమే, వాళ్ళ నోటికి వచ్చిన భాషలో వాళ్ళ ప్రార్థన ఉండాలి. అందుకని నలభై కొత్త పాటలతో మేమే ఒక చిన్న పుస్తకం వేసుకున్నాం. ఇక్కడ ఒక్క సంగతి అందరూ గమనించాలి. ఆరాధనలో పాడటానికి కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు, మతపరమైన కార్యక్రమాలకి మినహాయింపు ఉంది. అచ్చువేసి పంచడం వేరే సంగతి. 1957 చట్టం ప్రకారం రాసినవాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. పురుషోత్తం చౌదరి గారి పాట ఎవరైనా వేసుకోవచ్చు, నిన్న మొన్న వచ్చిన పాటకి అడగాలి. మేం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి అడిగాం. చాలామంది రెండు రోజుల్లో సంతోషంగా ఒప్పుకున్నారు, ఒకాయన మాత్రం నా పేరు తప్పులేకుండా వేయండి చాలు అన్నారు. పాట రాసినవాళ్ళు అడిగేది అంతే. మూడు పాటలకి జవాబు రాలేదు, అవి వదిలేశాం.

కొనేటప్పుడు పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూడండి, ఫోటో చూసి ఆర్డర్ పెట్టొద్దు. మధ్యలో తెరిచి హార్మోనియం మీద పెట్టి వదిలేయండి, దానంతటదే మూసుకుపోతే పాడేవాళ్ళకి ఒక చెయ్యి దానికే పోతుంది. కుట్టు బైండింగా, ఉత్త జిగురా అని వెన్ను దగ్గర చూడండి, జిగురైతే ఒక ఎండాకాలం దాటగానే పేజీలు ఊడతాయి. అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనపడుతుంటే కళ్ళజోడు వాళ్ళు చదవలేరు. ఒక అరవై ఏళ్ళ మనిషి చేతికిచ్చి కిటికీకి దూరంగా కూర్చోబెట్టి చదివించండి. నేను కొట్లో చదివినప్పుడు బాగానే కనిపించిన అక్షరం, మా అత్తయ్య చదవబోతే చేయి చాచినంత దూరం జరిపినా ఆనలేదు. అందుకే కాస్త డబ్బు ఎక్కువైనా పెద్ద అక్షరాలున్న కాపీలు పన్నెండు వేరుగా తీసుకుని ముందు బల్లల్లో పెట్టాం.

చివరికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అరవై, మా చిన్న పుస్తకం వంద. ఐదుకి ఎంత అని అడిగితే పెద్దదానికి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు పాదాలు విడగొట్టి వేయనందుకు. పది శాంపిల్ కాపీలు తిరిగిచ్చేశాం, ఆ ప్రెస్ ఆయన సగం డబ్బే వెనక్కి ఇచ్చారు. కొత్తవి వచ్చిన శనివారం సాయంత్రం సండే స్కూలు పిల్లలు ఖాకీ అట్టలు వేశారు, ఆ డబ్బు ఇచ్చినామె పక్కనే కూర్చుని ఒక్కో పుస్తకం మొదటి పేజీలో భర్త పేరు తన చేత్తోనే రాశారు. అరవై పుస్తకాలకీ రాసేసరికి రాత్రి తొమ్మిదయింది.