గోడకు అబ్బే రోడ్: ఎల్‌పీ కవర్ కొనాలా, పోస్టరా?

ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ ఆల్బమ్ ‘అబ్బే రోడ్’ ముఖచిత్రాన్ని (బ్యాండ్‌లోని నలుగురూ వరుసగా జీబ్రా క్రాసింగ్ దాటే ఫొటో) ఫ్రేమ్ కట్టించుకోవాలంటే ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కొని దాని స్లీవ్‌నే, అంటే అట్ట కవర్‌నే, వాడొచ్చు, లేదా ఆన్‌లైన్‌లో పోస్టర్ తెప్పించుకోవచ్చు. ఖర్చెక్కువైనా స్లీవే మేలు. ఈ బొమ్మ మజా అంతా చిన్న చిన్న వివరాల్లో ఉంది, నాసిరకం పోస్టర్లలో ముందు పోయేవి అవే.

పోస్టరే కావాలంటే ముందు పాల్ మెకార్ట్‌నీ కుడిచేయి చూడండి. వేళ్ల మధ్య సిగరెట్ ఉండాలి. 2003లో అమెరికాలో కొన్ని పోస్టర్ కంపెనీలు దాన్ని చెరిపేశాయి. అలాంటిది వస్తే వాపసు పంపేయండి. ఎడమవైపు తెల్ల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నంబర్ ప్లేటు మీద 281ఎఫ్ కనిపించకపోతే నాసి స్కాన్ అన్నట్టే.

1969లో ‘పాల్ చచ్చిపోయాడు’ అన్న పుకారు లేచినప్పుడు జనం పట్టుకున్న ఆనవాళ్లలో ఇవీ ఉన్నాయి. ఎడమచేతివాటం మనిషి కుడిచేత్తో సిగరెట్ పట్టాడట, కాబట్టి ఇతను అసలు పాల్ కాదట. ప్లేటులోని 1ని ఇంగ్లిష్ ఐ అక్షరంగా, మొత్తాన్ని ‘28 ఇఫ్’గా చదివి, బతికుంటే 28 ఏళ్లు అని అర్థం తీశారు (అప్పటికి ఆయనకు 27 ఏళ్లే!). నలుగురి నడకను శవయాత్ర అన్నారు: తెల్లసూటు లెనన్ పాదిరి, నల్లసూటు రింగో శవం వెంట వచ్చినోడు, డెనిమ్ జార్జ్ గుంత తవ్వేటోడు, చెప్పుల్లేని పాల్ శవం. మన నల్గొండ దిక్కు కళ్లతో చూస్తే ఈ కథ నిలవదు. శవం వెంట చెప్పుల్లేకుండా నడిచేది బతికున్నోళ్లే కదా. తెల్లబట్టలతో అగ్గికుండ పట్టి ముందు నడిచేది కొడుకు. ఆ లెక్కన లెనన్ తలకొరివి పెట్టేటోడు, పాల్ వెనక వచ్చే చుట్టం.

జరిగింది మాత్రం చాలా మామూలు సంగతి. 1969 ఆగస్టు 8న ఫొటోగ్రాఫర్ ఇయాన్ మెక్‌మిలన్ రోడ్డు నడుమ నిచ్చెనెక్కి, ఒక పోలీసాయన వచ్చే పోయే బండ్లను ఆపుతుంటే పది నిమిషాల్లో ఆరు షాట్లు తీశాడు. మొదట్లో తీసినవాటిలో పాల్ కాళ్లకు చెప్పులున్నాయి. ఎంచుకున్నది అయిదోది. అందులో నలుగురి కాళ్లూ కత్తెరలా విచ్చుకుని జీబ్రా చారలతో జత కుదిరాయి. ముగ్గురిది ఎడమకాలు ముందుంటే పాల్‌ది కుడికాలు. చూపు ఆయన దగ్గరే ఆగడానికి అసలు కారణం ఆ తప్పిన అడుగే. డిజైనర్ కోష్ ముందరి అట్ట మీద బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు రెండూ వేయలేదు కాబట్టి కన్ను పక్కకు పోదు.

ఇక ఫ్రేమ్ సంగతి. షాపులో ‘12 బై 12’ అని చెప్పొద్దు. స్లీవ్ దాదాపు 12.4 అంగుళాలు ఉంటుంది, అంచు మడుస్తారు లేదా కోసేస్తారు. కోస్తే ఎడమన కారు, కుడిన నల్ల పోలీసు వ్యాన్ తెగుతాయి. 16 అంగుళాల చదరపు ఫ్రేమ్, మౌంట్ బోర్డులో (అద్దానికీ బొమ్మకూ నడుమ పెట్టే మందపాటి అట్ట) 12¼ అంగుళాల కిటికీ అడగండి. మౌంట్ లేకుంటే వానకాలం చెమ్మకు అట్ట అద్దానికి అంటుకుంటుంది. ఫెవికాల్ పూయనివ్వొద్దు, మూలలకు ఫొటో కార్నర్లు చాలు. పడమటెండ తగిలే గోడ వద్దు: ఎరుపు, పసుపు ముందు వెలిసి బొమ్మంతా నీలమవుతుంది.

లోపలి రికార్డును ఫ్రేమ్‌లో ఉంచొద్దు. కాగితం కవర్లో పెట్టి, నీడపట్టున అరలో నిలబెట్టండి. మే నెలలో స్లాబు కింద అటక మీద పడేస్తే వంకరపోతుంది.