పాత డెస్క్‌టాప్‌లకు పీసీఐ డీబగ్ కార్డు: ఏళ్ళ తరబడి వాడాక

ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. సర్వీసు భాషలో దీన్ని ‘నో డిస్‌ప్లే’ అంటారు. పెంటియం 3, పెంటియం 4 కాలం మెషీన్లలో ఈ కంప్లయింటు పట్టుకోవడానికి మదర్‌బోర్డు మీది పీసీఐ స్లాట్‌లో (అదనపు కార్డులు గుచ్చే గాడిలో) పెట్టి వాడే నాలుగంకెల డీబగ్ కార్డు ఇది. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరుకుతుంది, తయారీదారు పేరు ఎక్కడా ఉండదు. అందరూ అంకెల కోసం కొంటారు గానీ, ఎక్కువ పనిచేసేది పక్కనున్న చిన్న లైట్లే.

బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డు మీది చిప్‌లో ఉండే ప్రోగ్రాం) తన పరీక్షలో ఒక్కో మెట్టు దగ్గర 80హెచ్ పోర్టుకు (కోడ్‌లు పంపే ఒక నిర్ణీత చిరునామాకు) ఒక కోడ్ రాస్తుంది. కార్డు దాన్ని చూపిస్తుంది, అంతే. తానుగా దేన్నీ పరీక్షించదు. కాబట్టి ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని కరెంటు సరఫరా పెట్టె) సంగతి తేల్చకుండా కార్డు గుచ్చడం వృథా. మల్టీమీటర్‌తో మొదట దాని ఊదా రంగు వైరు చూడాలి. స్విచ్ నొక్కకపోయినా అక్కడ 5 వోల్టులు ఉండాలి. ఆన్ చేశాక ఎరుపు 4.75 నుంచి 5.25, పసుపు 11.4 నుంచి 12.6, నారింజ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. బూడిద రంగు వైరు మీద దాదాపు 5 వోల్టులు రాకపోతే బోర్డు పని మొదలుపెట్టకుండా రీసెట్‌లోనే ఉండిపోతుంది. ఈ కొలతలన్నీ కనెక్టర్ బోర్డుకు తగిలించి ఉండగానే తీయాలి. ఆకుపచ్చ, నలుపు వైర్లు కలిపి ఫ్యాన్ తిరిగిందని ‘ఎస్ఎంపీఎస్ బాగుంది’ అనేస్తుంటారు. లోడు లేనప్పుడు దాదాపు ప్రతిదీ బాగానే ఉంటుంది.

కొత్త ఎస్ఎంపీఎస్ మార్చి చూసేవాళ్ళు లేబుల్ కూడా చదవాలి. పెంటియం 3, తొలినాటి అథ్లాన్ (ఏఎండీ ప్రాసెసర్) బోర్డులు చాలావరకు ప్రాసెసర్‌కు 5 వోల్టుల లైన్ నుంచే కరెంటు తీసుకుంటాయి. ఇప్పటి ఎస్ఎంపీఎస్‌ల బలమంతా 12 వోల్టుల మీద ఉంటుంది. పైన 450 వాట్లని రాసి ఉన్నా 5 వోల్టుల దగ్గర 12, 15 ఆంపియర్లే ఉంటే అథ్లాన్ బోర్డుకు చాలకపోవచ్చు. 20కి పైన ఉన్నది వెతకండి.

ఇక కార్డు. కరెంటు ప్లగ్ పీకి, పవర్ స్విచ్ ఒకసారి నొక్కి మిగిలిన ఛార్జ్ పోనిచ్చాకే గుచ్చాలి. 5, 12, మైనస్ 12 లైట్లు మూడూ వెలగాలి. 3.3 లైటు వెలగకపోతే కంగారు పడనక్కర్లేదు: సాకెట్ 7 (తొలి పెంటియంల) కాలం బోర్డులు చాలావాటిలో పీసీఐ స్లాట్‌కు 3.3 వోల్టులు అసలివ్వరు. రీసెట్ లైటు ఆన్ చేయగానే ఓ క్షణం వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా ఉండిపోతే ముందు క్యాబినెట్ రీసెట్ స్విచ్ వైరు పీకి చూడండి. పాత క్యాబినెట్లలో ఆ స్విచ్ దుమ్ముతో లోపలికి నొక్కుకుపోయి ఉండటం మామూలే. పవర్ స్విచ్ మీద కూడా అనుమానముంటే దాని వైరు తీసి, బోర్డు మీది రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపితే సరిపోతుంది. అప్పటికీ రీసెట్ లైటు ఆరకపోతే బూడిద వైరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. క్లాక్ లైటు వెలగకపోతే బోర్డు క్లాక్ జనరేటర్ (భాగాలన్నిటికీ టైమింగ్ ఇచ్చే చిప్) మీద అనుమానం. అది ఇంట్లో చేసే రిపేరు కాదు.

అంకెల్లో ఎక్కువమందిని తికమకపెట్టేది ఎఫ్ఎఫ్. మొదటి నుంచీ అదే నిలిచి ఉంటే ప్రాసెసర్ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా నడపలేదన్నమాట. కొన్ని కార్డులు దీనికే 00 చూపిస్తాయి. వేరే కోడ్‌లు పరుగెత్తి చివర ఎఫ్ఎఫ్ దగ్గర ఆగితే, అవార్డ్ (బయాస్ తయారీ కంపెనీల్లో ఒకటి) బయాస్‌లో పరీక్ష ముగిసి బూటింగ్ మొదలైనట్టు. అప్పుడు బోర్డును వదిలి మానిటర్ కేబుల్, హార్డ్‌డిస్క్ చూడాలి. రెండంకెల కార్డు కొనవద్దని చెప్పేది ఇందుకే. నాలుగంకెల దానిలో రెండో జత అంతకుముందు వచ్చిన కోడ్ చూపిస్తుంది, తేడా తెలిసిపోతుంది.

అవార్డ్‌లో సీ1 దగ్గర ఆగితే ర్యామ్. ఒక్క స్టిక్కే ఉంచి ఒక్కో స్లాట్‌లో మార్చి చూడండి. రబ్బరుతో రుద్దే మన పాత వైద్యం నిజంగానే పనిచేస్తుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోతకు, దుమ్ముకు కాంటాక్టుల మీద పొర పట్టేస్తుంది. కాకపోతే పెన్సిల్ రబ్బరే వాడాలి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు బంగారు పూతను లేపేస్తుంది. రుద్దాక రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. 440బీఎక్స్ (పెంటియం 2, 3 కాలపు ఇంటెల్ చిప్‌సెట్) బోర్డులో 8 చిప్పుల 256 ఎంబీ స్టిక్ పెడితే సగమే కనిపించవచ్చు, బోర్డే లేవకపోవచ్చు. 16 చిప్పులున్నది కావాలి. వీడియో దగ్గర ఆగేది అవార్డ్ 4.51 వెర్షన్‌లో 0డీ. ఏజీపీ కార్డు (డిస్‌ప్లే కార్డు) తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెడితే చాలాసార్లు తీరిపోతుంది. 1999 మధ్యకు ముందరి అవార్డ్ బయాస్ హార్డ్‌డిస్క్ గుర్తించే చోట బిగుసుకుపోతే డిస్క్ సైజు చూడండి. 32 జీబీ దాటితే వాటిలో కొన్నిటికి ఈ జబ్బుంది. డిస్క్ వెనక 32 జీబీకి పరిమితం చేసే జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) ఉంటే పెట్టేయండి.

అన్నిటికంటే పనికొచ్చిన పద్ధతి వేరే ఉంది. వరసగా నాలుగైదు సార్లు ఆన్ చేసి కోడ్ రాసుకోవాలి. ప్రతిసారీ ఒకేచోట ఆగితే తప్పు ఒక భాగంలో ఉంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే తప్పు కరెంటు సరఫరాలో, చాలావరకు ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లలో. పొద్దున లేవకుండా, పది సార్లు నొక్కితే వేడెక్కి లేచే మెషీన్లు ఈ బాపతే. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో మూసిన క్యాబినెట్ లోపల వాటి గతి ఊహించుకోవచ్చు. పైగా 1999 తర్వాత కొన్నేళ్ళపాటు నాసి కెపాసిటర్లు లెక్కలేనన్ని బోర్డుల్లోకి వెళ్ళాయి. నెత్తి ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా మార్చాల్సిందే. ఉబ్బనిది మంచిదని కూడా అనుకోవద్దు. ఒకటి పోతే అదే రకంవన్నీ మార్చేయడం మేలు. విజయవాడ గవర్నర్‌పేట విడిభాగాల షాపుల్లో అడిగేటప్పుడు మైక్రోఫారడ్లు, వోల్టులు మాత్రమే చెబితే మామూలువి ఇస్తారు. ‘105 డిగ్రీలు, లో ఈఎస్ఆర్’ (లోపలి నిరోధం తక్కువ) అని నొక్కి చెప్పాలి, వ్యాసం 8 మిల్లీమీటర్లా 10 మిల్లీమీటర్లా అన్నది కొలుచుకుని వెళ్ళాలి. సోల్డర్ చేసేటప్పుడు గ్రౌండ్ కాలు వేడి అంతా లాగేసుకుంటుంది. 25 వాట్ల ఐరన్‌తో మొండిపట్టు పడితే ట్రాక్ లేచిపోతుంది, 60 వాట్లది వాడండి.

సీఎమ్ఓఎస్ సెల్ (బయాస్ సెట్టింగులు, గడియారం నిలిపే బోర్డు మీది బటన్ సెల్) 3 వోల్టులది. 2.7 కిందికి దిగితే మార్చేయాలి, కొన్ని బోర్డులు చచ్చిన సెల్‌తో లేవనే లేవవు.

కార్డు లోపాలకొస్తే, వెంట వచ్చే పుస్తకంలో అచ్చుతప్పులు బోలెడు. పైగా అవార్డ్, ఏఎమ్ఐ (మరో బయాస్ కంపెనీ) కోడ్‌లు పక్కపక్కనే ఉండి గందరగోళం చేస్తాయి. ముందు బోర్డు మీది బయాస్ చిప్ స్టిక్కర్ చూసి ఏదో తేల్చుకోవాలి. ఒక అంచు ఐఎస్ఏ (పీసీఐకి ముందరి పాత స్లాట్), మరో అంచు పీసీఐ ఉన్న జంట కార్డు కొనకపోవడమే మంచిది. ఐఎస్ఏ వైపు తిరగేసి గుచ్చినా దిగిపోతుంది, ఆన్ చేస్తే కార్డో బోర్డో కాలుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐ తర్వాతి కొత్త స్లాట్) వచ్చిన ఇంటెల్ 915, 945 తరం బోర్డుల్లో కోడ్‌లు పీసీఐ వైపు రాకుండా ఎల్‌పీసీ బస్సులోకి (బయాస్ చిప్ లాంటివాటిని కలిపే వేరే దారిలోకి) వెళ్ళే వీలుంది. వాటిలో కార్డు ఖాళీగా కనిపించినంత మాత్రాన బోర్డు చచ్చిందని రాసేయకండి. వాటికి ఎల్‌పీసీ పిన్నులకు తగిలించే కార్డు వేరే దొరుకుతుంది.