జంపఖానా మిగులు నూలుతో క్రోషియా గిన్నెల గుడ్డలు: ఏ దారం పనికొస్తుంది, ఏది రాదు

క్రోషియా అల్లే ఇంట్లో రంగురంగుల దారపు ఉండలు ఒక సంచికి సరిపడా మిగిలే ఉంటాయి. ఏ ఒక్కటీ ఒక వస్తువుకు చాలదు, పారేయబుద్ధి కాదు. గిన్నెలు తుడవడానికి, స్టవ్ గట్టు తుడవడానికి చిన్న గుడ్డలుగా అల్లేస్తే సంచి ఖాళీ అవుతుంది. అలాగని ఏ ఉండ పడితే ఆ ఉండ పెట్టి అల్లితే వంటింట్లో వారం కూడా ఆగదు. వరంగల్‌లో ఈ పనికి చేతికందేవి నాలుగు రకాలు: ఫ్యాన్సీ షాపులో దొరికే 8 ప్లై (మధ్యస్థ లావు) కాటన్, లేసు దారం, ఊలు పేరుతో అమ్మే అక్రిలిక్, కొత్తవాడ మగ్గాల దగ్గర మిగిలే జంపఖానా నూలు. మా ఓటు ఈ చివరిదానికే. అయితే అది తెచ్చిన రోజే అల్లుకునే సరుకు కాదు.

వరంగల్ జంపఖానాలకు, అంటే దర్రీలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) 2018లో వచ్చింది. జంపఖానా ఎందుకు ఏళ్లకేళ్లు మన్నుతుందో, ఆ నూలుతో అల్లిన గుడ్డా అందుకే మన్నుతుంది: అది ఉతుకుడుకు తట్టుకునే పత్తి. మగ్గం మీద పడుగును, అంటే నిలువు దారాలను, చివరి అంగుళం దాకా నేయడం కుదరదు. అచ్చు (పడుగు దారాలు దూరే దువ్వెన లాంటి పలక) వెనకాల ఉండిపోయిన భాగాన్ని కోసి తీసేయాల్సిందే. అడ్డంగా నేసే పేక నూలైతే కండెల్లోనో, సగం వాడిన చిలపల్లోనో (నూలు చుట్టల్లోనో) మిగులుతుంది. అడిగేటప్పుడు పేక నూలే అడగండి. పడుగు కొసలు సన్నగా, గట్టి పురితో, గంజి పట్టి ఉంటాయి. పైగా ముక్కలు పొట్టివి, ముడులకే సరిపోతాయి. పేక నూలు లావుగా, మెత్తగా ఉంటుంది, పురి తక్కువ కాబట్టి నీళ్లు బాగా పీలుస్తుంది. బేరం తూకం మీద మాట్లాడుకోవడం మేలు. ఈసారి దొరికిన ఎరుపు మళ్లీ దొరుకుతుందని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు, నేసే జంపఖానాను బట్టి రంగు మారిపోతుంది.

తెచ్చాక మొదటి పని నానబెట్టడం. చిలపను నాలుగు చోట్ల వదులుగా, ఎనిమిది అంకె ఆకారంలో కట్టాలి. బిగించి కడితే కట్టు కింద నీళ్లు దిగవు, కట్టకపోతే చిక్కు పడి విప్పలేరు. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పొద్దున గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు పొడి వేసి పిండకుండా నొక్కుతూ కడగాలి. గంజి ఉన్న నూలైతే నీళ్లు జారుడుగా, తెల్లగా వస్తాయి. అది పోయేదాకా నీళ్లు మార్చాల్సిందే. గంజి పోని నూలుతో అల్లిన గుడ్డ అట్టలా ఉంటుంది, నీళ్లు పీల్చకుండా పక్కకు నెడుతుంది. నూలు ముందే తడిసి ఆరితే కుదించుకుపోవాల్సింది కూడా అప్పుడే కుదించుకుపోతుంది. లేకపోతే షాపు కాటన్ వరసలు, మగ్గం నూలు వరసలు కలిపి అల్లిన గుడ్డ మొదటి ఉతుకులోనే ఒక పక్కకు లాక్కుపోతుంది.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. ముదురు ఎరుపు, నలుపు, నీలం వదిలే అవకాశం ఎక్కువ. తడి నూలును తెల్ల గుడ్డలో చుట్టి పది నిమిషాలు బరువు కింద పెడితే తెలిసిపోతుంది. ఉప్పు నీళ్లలో, వెనిగర్‌లో ముంచితే రంగు నిలబడుతుందని చాలామంది చెబుతారు. అద్దకం అయిపోయిన పత్తి నూలు మీద రెండూ పని చేయవు. ఉప్పు అద్దేటప్పుడు రంగు నూలుకు పట్టడానికి సాయపడుతుంది, వెనిగర్ ఉన్ని, పట్టు రంగులకు పనికొస్తుంది. ఇక్కడ చేయగలిగింది నూలుకు అంటుకోకుండా మిగిలిన రంగు పోయేదాకా కడగడమే. నాలుగైదు సార్లు కడిగినా నీళ్లు ఎర్రగానే వస్తుంటే ఆ నూలును తెలుపు, పసుపు పక్కన పెట్టకండి. ముదురు రంగులన్నీ ఒకే గుడ్డలో వేసేయండి.

సంచిలోని పాత ఉండల్లో ఏది పత్తో, ఏది అక్రిలికో తెలియకపోతే రెండంగుళాల ముక్కను పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అంటించి చూడండి. పత్తి కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద రాలుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్ల పూసవుతుంది. జొన్న రొట్టె పెనం దించడానికి అక్రిలిక్ గుడ్డను మసిగుడ్డలా వాడితే జరిగేదీ ఇదే. కరిగింది పెనానికీ అంటుకుంటుంది, చేతికీ అంటుకుంటుంది. అందుకే అక్రిలిక్‌కు ఈ పనిలో మేము సున్నా మార్కులే ఇస్తాం. నీళ్లు కూడా సరిగ్గా పీల్చదు. సబ్బుతో గిన్నె తోమే చిన్న పీచులా అల్లుకుంటే పరవాలేదు, జపాన్‌లో అక్రిలిక్ తవాషీ అని వాడేది అదే. కాకపోతే వాడిన కొద్దీ ప్లాస్టిక్ నూగు నీళ్లలో కలుస్తుంది. సిరిసిల్ల మరమగ్గాల వైపు నుంచి పాలిస్టర్ నూలు తక్కువకు వస్తుందని ఎవరైనా చెబితే దానికీ ఇదే మాట.

ఇక అల్లిక. 8 ప్లై కాటన్‌కు 4 మి.మీ. హుక్కు సరిపోతుంది. లేసుకు వాడే సన్న స్టీలు హుక్కుతో ఈ లావు నూలు లాగితే పేటలు (నూలులోని పోగులు) చీలిపోతాయి. మగ్గం నూలుకు ప్లై లెక్క కుదరదు కాబట్టి స్కేలు తీసుకోండి. నూలును బిగించకుండా పక్కపక్కన చుడితే అంగుళంలో పది, పదకొండు చుట్లు పట్టాలి. ఎక్కువ పడితే ఇంకో పేట కలపండి. మిగులు దారాల గుడ్డ వంకరపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది: ఒక రంగు లావు, ఒక రంగు సన్నం అయితే సన్నం వచ్చిన చోట గుడ్డకు నడుము పడుతుంది.

20 సెంటీమీటర్ల గుడ్డకు 29 చైన్లు వేసి, హుక్కు నుంచి రెండో చైన్‌లో మొదలుపెడితే 28 సింగిల్ క్రోషేలు (పొట్టి కుట్లు) వస్తాయి. తిప్పిన ప్రతిసారీ ఒక చైన్, మళ్లీ 28. ఆ తిప్పే చైన్‌ను కుట్టుగా లెక్కపెట్టకూడదు. 32 నుంచి 34 వరసలకు చదరం అవుతుంది, చుట్టూ ఒక వరస అంచు, మూలకు మూడేసి కుట్లు. మొత్తం 30 నుంచి 40 గ్రాముల నూలు పడుతుంది. వీడియో చూసి అల్లేవాళ్లు ఒకటి గమనించాలి: అమెరికా వాళ్ల సింగిల్ క్రోషేనే బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. ఇక్కడ చెప్పింది అమెరికా లెక్క.

మిగిలిన ముక్క ఒక వరసకు వస్తుందా రాదా అన్నదే ఈ పనిలో ఎప్పుడూ వచ్చే సందేహం. వరస వెడల్పుకు ఎనిమిది రెట్లు దారం ఉంటే ధైర్యంగా మొదలుపెట్టొచ్చు, అంటే 20 సెం.మీ. వరసకు 160 సెం.మీ. మీ చేతి బిగువు వేరైతే ఒక వరస విప్పి కొలుచుకోండి. అంతకన్నా పొట్టి ముక్కల్ని వరస మధ్యలో కలపాల్సి వస్తుంది, అక్కడ సింగిల్ క్రోషే కంటే ఒక క్రోషే, ఒక చైన్, ఒక కుట్టు వదిలేసే అల్లిక నయం. కింది వరస చైన్ సందులో పై వరస కుట్టు పడుతుంది, రంగులు గీత గీసినట్టు కాకుండా ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. సందులుంటాయి కాబట్టి వానాకాలంలో కూడా గుడ్డ త్వరగా ఆరుతుంది. పొడుగు కుట్ల జోలికి మాత్రం పోవద్దు, ఫోర్కులు, తురుము పీట పళ్లు వాటిలో తగులుకుని లాగేస్తాయి.

రంగు మార్చేటప్పుడు పాత రంగు చివరి కుట్టులో ఆఖరి లాగుడు కొత్త రంగుతో లాగాలి. అలా చేయకపోతే కొత్త వరస మొదటి కుట్టు నెత్తిన పాత రంగు కూర్చుంటుంది. కొసలు పది సెంటీమీటర్లకు తగ్గకుండా వదలండి. చాలామంది కొసను వరస మీద పెట్టి దాని మీదుగానే అల్లేసి, మిగిలింది కత్తిరిస్తారు. మగ్గం నూలు నునుపుగా ఉంటే నాలుగు ఉతుకులకు ఆ కొస జారి బయటికొస్తుంది. సూదికెక్కించి కుడికి కొంత, వెనక్కి ఎడమకు కొంత, మళ్లీ పైవరసలోంచి కుడికి తీయాలి. ఒంటి ముడి వేసి కొస దగ్గరగా కత్తిరించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. గుడ్డ పిండినప్పుడు ముడి సడలుతుంది, సడలకపోతే గట్టు తుడిచేటప్పుడు గులకరాయిలా తగులుతుంది.

లేసు దారం గురించి రెండు మాటలు చాలు. సన్నం కాబట్టి చాలా పేటలు కలపాలి, హుక్కు ప్రతి కుట్టులో ఒక పేట వదిలేస్తుంది, గట్టి పురి వల్ల మొదట్లో నీళ్లు త్వరగా పీల్చదు. అంచు వరసకు అందంగా ఉంటుంది, అంతవరకే. షాపు 8 ప్లై కాటన్ అన్ని విధాలా నమ్మకమైనది, లావు ఒకేలా ఉంటుంది, నూగు తక్కువ. గుడ్డ కోసమే కొత్త ఉండ కొనడం దండగ గానీ, మిగిలి ఉంటే అదే ముందు వాడండి.

మగ్గం నూలుకున్న అసలు లోపం నూగు. పురి తక్కువ కావడం వల్ల మొదట్లో గాజు గ్లాసుల మీద పోగులు వదులుతుంది. స్టీలు గిన్నెలకు, గట్టుకు ఇబ్బంది లేదు, గ్లాసులకు పాత పంచె ముక్కే మంచిది. సకినాలు కాల్చిన మూకుడును కూడా ముందు కాగితంతో తుడిచి తర్వాత ఈ గుడ్డ పెట్టండి, పత్తి పీల్చిన నూనె అంత సులువుగా వదలదు. పసుపు మరకలకు సబ్బు కన్నా ఎండ మందు: తడి గుడ్డను రెండు పూటలు ఎండలో పడేస్తే చాలావరకు వెలిసిపోతాయి. వాసన వస్తే మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి ఆరేయొచ్చు, పత్తికి ఏమీ కాదు. రంగు వదిలే గుడ్డను మాత్రం విడిగా మరిగించాలి. బ్లీచ్ వేస్తే రంగులు పోతాయి. పచ్చి మాంసం, చేపలు కోసిన గట్టుకు వేరే గుడ్డ పెట్టుకోండి. దానికి గుర్తుగా ఎర్ర అంచు అల్లేస్తే ఇంట్లో ఎవరూ పొరపాటున తీయరు.

కొత్తవాడ దాకా వెళ్లే వీలున్నవాళ్లు మొదటిసారి అరకిలో పేక నూలు తెచ్చుకుంటే చాలు, కనీసం డజను గుడ్డలు వస్తాయి. లేత రంగులు ఎక్కువ, ముదురు రంగు ఒక్కటి ఉండేలా ఎంచుకోండి. రంగు పోగొట్టడానికి చేసే ఉతుకుడు చాలావరకు తగ్గుతుంది.