లెథీనాలో రెండు రాత్రులు

స్పెయిన్‌లో బార్బాస్ట్రో పట్టణం దాటి గ్వారా కొండల్లోకి వెళ్తే లెథీనా అనే ఊరొస్తుంది. పట్టుమని 20 మంది కూడా ఉండరు. బస్సులను నమ్ముకుంటే కష్టం, కారు ఉండాల్సిందే.

మొదటి రాత్రి అల్కేథర్‌లో దిగాం. కొండమీద కోటలాంటి చర్చి, కింద వేరో నది లోయ గోడకు బిగించిన నడకదారి. చూడదగ్గ ఊరే. కానీ సెలవు రోజు కావడంతో కారు పెట్టడానికే ముప్పావు గంట పట్టింది, గది అద్దె మండిపోయింది, అర్ధరాత్రి దాటినా కిటికీ కింద మాటలు ఆగలేదు. మర్నాడే లెథీనాకు మారిపోయాం. అక్కడ దొరికింది మందపాటి రాతిగోడల పాత ఇల్లు. వేడినీళ్లు రావడానికి కాస్త సమయం పట్టేది కానీ, అంత కమ్మటి నిద్ర ఈ ప్రయాణంలో ఇంకెక్కడా పట్టలేదు. ఊళ్లో కొట్టు కనిపించలేదు. సరుకులు బార్బాస్ట్రోలోనే కొనుక్కోండి.

మేం వెళ్లింది వేరో లోయ రాతిచిత్రాల కోసం. స్పెయిన్ మధ్యధరా తీరం వైపున్న 700కు పైగా రాతిచిత్ర స్థలాలను యునెస్కో 1998లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవీ అందులో భాగమే. తెలియక మొదట మయాటా అనే చోటికి మేమే వెళ్లాం. ఇనుప కంచె, తాళం. వెనక్కి వచ్చి గైడ్‌ను బుక్ చేసుకుని మరుసటి ఉదయం మళ్లీ వెళ్లాం. మీరు ఆ పని ముందే చేసుకోండి. గైడ్ స్పానిష్‌లోనే చెప్పారు, కానీ ఒక్కో గీత ముందు ఆగి, చేత్తో గాల్లో గీసి మరీ చూపించారు.

కంచె లోపల నిలబడితే మొదట ఏమీ కనపడదు. కళ్లు అలవాటు పడ్డాక జాజు రంగు గీతలు ఒక్కొక్కటే తేలతాయి. వేలితో పూసినంత మందం. కొమ్ముల జింక, దాని పక్కన పుల్లలాంటి మనిషి, ఇద్దరి మధ్య తాడులాంటి గీత. పట్టుకున్నాడా, మచ్చిక చేసుకున్నాడా? వేల ఏళ్ల కిందటి ఆ మనిషి ముందు నాకు మాట రాలేదు. కింద లోయ, ఎదురుగా రాబందులు.

ఇక్కడికి రాకముందే కొలుంగోలోని రాతిచిత్రాల కేంద్రం చూడటం మంచిది. దగ్గర్లోని ఫ్వెంతె దెల్ త్రూచో గుహలో 20 వేల ఏళ్లకు పైబడిన చేతి ముద్రలు ఉన్నాయి. మాకు కుదరలేదు. దానికోసమే మళ్లీ వెళ్లాలి.

లెథీనా ఊరి చివర ఒక ముసలి చెట్టు ఉంది. ఓక్ జాతిది, వాళ్లు కర్రాస్కా అంటారు. వెయ్యేళ్లదని చెబుతారు. 2021లో యూరప్ మేటి చెట్టుగా గెలిచింది. సాయంత్రం దాని కింద కూర్చున్నాం. ఆకులు చిన్నవి, గట్టివి, అంచుల్లో సన్నటి ముళ్లు. చీకటి పడేదాకా లేవబుద్ధి కాలేదు.