స్పెక్ట్రమ్ గేమ్ క్యాసెట్ కొనేముందు ఇది చదవండి

మా మామ కువైట్ నుంచి తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ప్లస్ (క్యాసెట్ నుంచి గేమ్‌లు లోడ్ చేసుకునే 1980ల నాటి ఇంటి కంప్యూటర్) కడపలో మా ఇంట్లో ఇంకా పనిచేస్తోంది. 48కె మోడల్, అంటే 48 కిలోబైట్ల మెమరీ ఉన్నది. దానికి కొత్త గేమ్ కనబడితే నా చెయ్యి ఆగదు. ఈసారి ఆ సరదాకి 1,800 రూపాయలు, కొరియర్‌కి ఇంకో 150 వదిలాయి.

గేమ్ ఎండ్‌లెస్ రన్నర్. బొమ్మ తనంతట తనే పరుగెత్తుతూ ఉంటుంది, మనం గోతులూ కంపలూ దూకించాలి, అంతే. ప్రకటనలో అమ్మేవాడు 'స్పెక్ట్రమ్‌లో ఆడుతుంది' అని రాసి, ఒక వీడియో పెట్టాడు. వెనక మూడు గొంతుల్లో సంగీతం. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. 48కె మెషీన్‌లో ఉండేది బీప్ మనే ఒక్క బీపరే. దాంతో గారడీ చేసేవాళ్లు ఉన్నారు గానీ, సంగీతం అంత శుభ్రంగా రాదు. అది తర్వాత వచ్చిన 128కె మోడల్‌లో ఉన్న ఏవై అనే సౌండ్ చిప్ పని.

క్యాసెట్ రాగానే లోడ్ కమాండ్ కొట్టి టేప్ ఆన్ చేశాను. స్క్రీన్ అంచున ముందు ఎరుపు చారలు, ఆ తర్వాత నీలం, పసుపు చారలు. టైటిల్ బొమ్మ గీతగీతగా దిగింది. మా వాడు పక్కన కూర్చుని "ఇంకెంతసేపు నాన్నా?" అని నాలుగుసార్లు అడిగాడు. చారలు ఆగాయి. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ తెల్లబడి, కింద '1982 సింక్లెయిర్ రీసెర్చ్' అని వచ్చింది. అది మెషీన్ ఆన్ చేయగానే వచ్చే రాత, అంటే మెషీన్ రీసెట్ అయిపోయింది! మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ అంతే.

తప్పు నా టేప్ రికార్డర్‌దే అనుకుని, దాన్ని ఏడురోడ్ల దగ్గర ఉండే పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. భాయ్ టేపుని చదివే హెడ్ తుడిచాడు, సన్న స్క్రూడ్రైవర్‌తో అలైన్‌మెంట్ చూశాడు. "దీనికేం రోగం లేదు నాయనా, నీ క్యాసెట్టే తేడా" అన్నాడు. నిజమే, హెడ్ తేడా అయితే టేప్ లోడింగ్ ఎర్రర్ అని రావాలి. నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (స్పెక్ట్రమ్‌లా నటించే ప్రోగ్రామ్) పెట్టి చూశాను. 48కె మోడ్‌లో అదే రీసెట్. 128కెకి మార్చగానే గేమ్ చక్కగా నడిచింది. 128కె గేమ్ మెమరీ బ్యాంకులు, అంటే మెమరీలోని విడివిడి అరలు, మార్చుకుంటూ లోడ్ అవుతుంది. 48కెలో ఆ బ్యాంకులే లేవు కాబట్టి వచ్చిందల్లా ఒకే చోట ఒకదాని మీద ఒకటి పడి, ముందు లోడైంది పాడైపోతుంది. ఇంకో ముచ్చట: స్కోరు 255 దాటగానే సున్నాకి పోతోంది. 255 దాకానే పట్టే ఒక్క బైటులో దాచాడు మహానుభావుడు! ఎండ్‌లెస్ గేమ్‌లో ఆడేదే స్కోరు కోసం కదా.

క్యాసెట్ తిప్పి రెండో వైపు వింటే ఎవరి పెళ్లిలోదో సన్నాయి మేళం. మధ్యలో "వీడియో వాళ్లు ఇటు రండి" అని ఒకాయన కేక. పాత క్యాసెట్ మీద కొత్త లేబుల్ అతికించి అమ్మాడన్నమాట.

అమ్మినాయనకి మెసేజ్ పెడితే "128 కూడా స్పెక్ట్రమే కదా సార్, సీల్ తీశారు కాబట్టి వాపస్ లేదు" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

మీరు కొనేటప్పుడు ముందు 48కెనా 128కెనా అని రాతపూర్వకంగా అడగండి. మెషీన్ ఆన్ చేసిన దగ్గర్నుంచి గేమ్ మొదలయ్యేదాకా కట్ లేని వీడియో అడగండి. ఆన్ చేయగానే మెనూ వస్తే అది 128కె మెషీన్. టేప్ ఫైల్ పంపిస్తానంటే ఇంకా మేలు. దాన్ని ఆడియోగా మార్చి, ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి 3.5 మిల్లీమీటర్ల వైరు పెట్టి, డబ్బు కట్టకముందే ఆడి చూసుకోవచ్చు.

ఈ రోజు పొద్దున చూస్తే ఆ ప్రకటన ఇంకా ఉంది. రేటు మాత్రం 2,200 అయింది. 128 అనే అంకె ఇప్పటికీ ఎక్కడా లేదు.